పంపులో పొద్దుటి నీళ్లు

2, సోమవారం

ఈ పుస్తకంలో ముందు పేజీలన్నీ గొట్టాల కొలతలు, వాల్వుల సైజులు. వెనక పేజీలు ఎవరూ తిప్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అల్లుడి తొట్టెలో ఇంకో మూడు రొయ్యలు చచ్చాయి. కూర వండుకునే రొయ్యలు కావు. వేలి గోరంత ఉంటాయి, ఎర్రగా, అద్దాల తొట్టెలో నాచు మీద పాకుతూ. చూసి ఆనందించడానికట. మూడు వారాల కిందట అమ్మాయి, అల్లుడు, మూడు నెలల చంటిది మా ఇంట్లో దిగినప్పుడు అన్ని సామాన్లకంటే ముందు ఆ తొట్టె దిగింది. అల్లుడికి ఇక్కడ కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని దొరికింది. వేరే ఇల్లు కుదిరేదాకా మా దగ్గరే.

చచ్చినవాటిని చెంచాతో తీసి, తెల్లకాగితం మీద వరసగా పెట్టి, భూతద్దంతో చూస్తున్నాడు. పక్కనే నేను టీ తాగుతున్నాను.

"నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టుంది మామయ్యగారూ" అన్నాడు, గోడతో చెబుతున్నట్టు.

నీళ్లలో! ఇరవై తొమ్మిదేళ్లుగా గొట్టాల పని చేస్తున్నవాడి ఇంట్లో కూర్చుని! మనవరాలు వస్తోందని పాత ఇనప గొట్టాలన్నీ పీకేసి ఇల్లంతా రాగి వేశాను. ఒక్క అతుకు వంకరగా ఉంటే చూపించమనండి. నా జన్మలో అంత ముచ్చటగా చేసిన పని ఇంకోటి లేదు.

ఏమీ అనలేదు. అల్లుడైపోయాడు కదా.

4, బుధవారం

ఇంకో రెండు.

5, గురువారం

"టీ తాగుతుంటే నాలుక మీద చిల్లర నాణెం పెట్టుకున్నట్టుందండీ" అంది మా ఆవిడ. టీపొడి మార్చావేమో అన్నాను. మార్చలేదట. అయితే నీ నాలుకే మారింది అన్నాను. గరిటె చూపించింది.

సింకులో పంపు కింద పచ్చటి మరక, చిన్నది. తోమితే పోయింది. కొత్త రాగి కొన్నాళ్లు కొంచెం పచ్చ దించుతుంది, నాకొకరు చెప్పక్కర్లేదు. మాకు వచ్చేవి సున్నం లేని మెత్తటి నీళ్లు. గొట్టం లోపల పొర కట్టడానికి టైము పడుతుంది. అంతే, ఇంకేం లేదు.

మిరపకాయ సాయంత్రం పాలు కక్కింది. ఏడిస్తే ముఖమంతా ఎర్రగా కందిపోతుంది, అందుకని నేను మనవరాలికి పెట్టిన పేరది. తల్లి పాలు చాలక డబ్బా పాలు పడుతున్నారు. పిల్లలన్నాక కక్కుతారు.

7, శనివారం

అదే తొట్టెలో ఆరు చేపలున్నాయి. నిక్షేపంగా తిరుగుతున్నాయి. నీళ్లలో దోషముంటే చేపలు ముందు పోవూ? భోజనాల దగ్గర ఇదే అడిగాను. అల్లుడు తల ఊపాడు. తల ఊపడం వేరు, ఒప్పుకోవడం వేరు. అద్దాలు అరగదీసేవాళ్లకి ఇదో జబ్బు, గీత కనబడేదాకా తిప్పి తిప్పి చూస్తూనే ఉంటారు.

ఆయన నీళ్లు మార్చే వైభోగం కూడా చూశాను. పొద్దున్నే లేచి బకెట్‌లోకి వేడినీళ్ల పంపు, చన్నీళ్ల పంపు కలిపి పట్టి, తొట్టెలో ఎంత వెచ్చగా ఉందో సరిగ్గా అంతే చేసి, క్లోరిన్ విరగడానికి చుక్కలు వేసి, గ్లాసుతో గ్లాసుతో పోస్తాడు. ఇంత గారాబం చేసినా చస్తున్నాయంటే లోపం రొయ్యల్లోనే ఉంది.

నలభైకి ఇరవై రెండు మిగిలాయి. నేనెందుకు లెక్కపెడుతున్నానో నాకే తెలీదు.

9, సోమవారం

పని మధ్యలో చేపల దుకాణానికి వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు. దుకాణదారు మోచేతులదాకా నీళ్లలో ముంచి తొట్టె తోముతున్నాడు. సంగతి చెప్పాను, మా అల్లుడని కాదు, ఎవరో తెలిసినాయన అని.

"గొట్టాలు కొత్తవా?" అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

"కొత్తవే."

"రాగివా?"

నేను పక్క తొట్టెలోకి వంగి చూశాను.

"రాగి పడితే రొయ్యలు, నత్తలు ముందు పోతాయండీ. చేపలు కొంత ఓర్చుకుంటాయి. నేనూ చేపల జబ్బుకి వాడే మందులో రాగి ఉందని చూసుకోక ఒకసారి తొట్టె తొట్టంతా పోగొట్టుకున్నా."

"మనుషులకో?"

"మనుషులు ఇంకా ఓర్చుకుంటారు. అంత కొంచానికి ఏమీ కాదు."

"పసిపిల్లలు?"

అప్పుడు తల ఎత్తాడు. "నేను చేపలవాణ్ణి సార్. డాక్టర్‌ని అడగాలి" అన్నాడు.

రాగి ఉందో లేదో చూసే పరీక్ష డబ్బా ఇచ్చాడు. చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేయాలి. రాగి ఉంటే ఊదా రంగు వస్తుంది, ఎంత ముదిరితే అంత ఎక్కువ. పక్కన పోల్చుకోవడానికి గళ్ల కార్డు. అల్లుడి నోరు మూయించడానికి కొన్నాను. ఇంకెందుకూ కాదు.

10, మంగళవారం

హమ్మయ్య!

పదిగంటలకి అందరి ముందూ పరీక్ష చేశాను. పంపు తిప్పి, చేతులు కడుక్కుని, ధార తేటపడ్డాక గాజుగొట్టం నింపాను. చుక్కలు వేశాను. అయిదు నిమిషాలు. రంగు లేదు. వేడినీళ్ల పంపు కూడా అలాగే చేశాను. మంచినీళ్లు మంచినీళ్లలాగే ఉన్నాయి.

"అయితే నీళ్లు కాదన్నమాట మామయ్యగారూ. అనవసరంగా అన్నాను" అన్నాడు అల్లుడు. మంచివాడే పాపం. సాయంత్రం వాడికి ఇష్టమని బిస్కెట్లు తెచ్చాను.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

12, గురువారం

మిరపకాయ నాలుగుసార్లు కక్కింది. విరేచనాలు కూడా. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, పాల డబ్బా మార్చమంది. "నీళ్లు మరిగించే కలుపుతున్నారా?" అని అడిగింది. "మరిగించే అండీ" అంది అమ్మాయి.

మరిగించేటప్పుడు నేనూ చూశాను. సందేహం అక్కర్లేదు.

14, శనివారం

డబ్బా మార్చినా కక్కుతోంది. ఇవాళ ఏడవడం కూడా తగ్గించింది. మా ఆవిడ అది మంచిదే అంటోంది. నాకు ఆ ఏడుపే కావాలనిపిస్తోంది.

రొయ్యలు తొమ్మిది మిగిలాయి.

పరీక్షలో రంగు రాలేదు. నా కళ్లతో నేను చూశాను. రాలేదు.

17, మంగళవారం

పని నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఈ పుస్తకం తీశాను.

ఇవాళ దూరం పని ఉందని అయిదున్నరకే లేచాను. వంటగదిలో మూల నిలబడి బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. అమ్మాయి సగం నిద్రలో వచ్చింది. వేడినీళ్ల పంపు కింద కెటిల్ పెట్టింది. పంపు తిప్పింది. మొదటి చుక్క నుంచీ కెటిల్లోకే.

నేను జీవితంలో ఎప్పుడూ మొదటి నీళ్లు పట్టలేదు. పని నేర్పినాయన చెంపమీద కొట్టి నేర్పాడు, ధార వదిలి, తేటపడ్డాక పట్టాలని. చెయ్యి దానంతటదే అలా చేస్తుంది. పోయిన మంగళవారం పరీక్షప్పుడు కూడా అలాగే చేసింది. ఇంట్లో మిగతావాళ్లెవరూ అలా చేయరు. వాళ్లకి పంపు తిప్పితే నీళ్లు, అంతే.

రాత్రంతా గొట్టంలో నిలబడ్డ నీళ్లు. అందులోనూ వేడినీళ్లు.

అమ్మాయి సీసా కలుపుకుని గదిలోకి వెళ్లాక కెటిల్ అడుగున మిగిలినవి గాజుగొట్టంలో పోశాను. చుక్కలు వేశాను. అయిదు నిమిషాలు ఆగక్కర్లేకపోయింది. కార్డులో ఆఖరి గడి కంటే ముదురు ఊదా. అలాంటి రంగు ఆ కార్డులో లేనే లేదు.

లోపల గదిలో మిరపకాయ పాలు తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాలుగడుగులు వేసి ఆపొచ్చు. కాళ్లు రాలేదు. సంచి భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాను. గాజుగొట్టం కడిగానో లేదో కూడా గుర్తులేదు.

అసలు సంగతి రాస్తాను, ఇక్కడైనా. కొత్త లైను వేస్తే పంపులన్నీ విప్పి ఒక పూటంతా నీళ్లు వదలాలి. అతుకులు వేసేటప్పుడు పూసే పేస్టు లోపల మిగిలితే రాగిని తింటూ ఉంటుంది, అది కడుక్కుపోవాలి. ఎవరింట్లో చేసినా వదులుతాను. వాళ్లు గొడవపెట్టినా వినను. మా ఇంట్లో వదల్లేదు. సాయంత్రం వస్తామన్నవాళ్లు మధ్యాహ్నమే వచ్చేశారు. గుమ్మంలో పిల్ల గొంతు వినబడగానే పంపులు కట్టేసి పరిగెత్తాను. రేపు వదులుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు.

ఇంకోటి. "కెటిల్లో వేడినీళ్ల పంపు నుంచే పట్టుకో అమ్మా, తొందరగా మరుగుతాయి" అని చెప్పిందీ నేనే. మరిగిస్తే పురుగు చస్తుంది. రాగి ఎక్కడికి పోతుంది?

ఫోన్‌లో వెతికాను. కాలేయం అన్న మాట వచ్చిన చోట ఆపేశాను.

రేపు చెబుతాను.

18, బుధవారం

చెప్పలేదు. కానీ అంతకంటే మంచి పనే చేశాను. నాలుగున్నరకే లేచి అన్ని పంపులూ పావుగంట వదిలాను. అమ్మాయి వచ్చేసరికి గొట్టాల్లో తాజా నీళ్లు. వదిలాక పరీక్ష చేశాను, రంగు లేదు. అంటే సమస్య తీరినట్టే కదా. తీరిపోయినదాన్ని తవ్వి అందరినీ భయపెట్టడం ఎందుకు? పాలిచ్చే తల్లి, కంగారు పెట్టకూడదు.

మిరపకాయ ఇవాళ ఒక్కసారే కక్కింది. చూశావా మరి.

19, గురువారం

నాలుగున్నర. పావుగంట. రంగు లేదు.

అమ్మాయి ఆరింటికి వచ్చి పంపు దగ్గర నన్ను చూసి ఆగింది.

"ఏంటి నాన్నా, రోజూ ఇంత పొద్దున్నే?"

"నిద్రపట్టట్లేదమ్మా."

"ఏమైనా చెప్పాలా?"

"ఏముంటుంది నా దగ్గర!"

ఖాళీ కెటిల్ తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి నా ఎదురుగా తప్పు దాచుకుని నిలబడేది. ఇవాళ అలా నిలబడింది అది కాదు, నేను.

మిరపకాయ అసలు కక్కలేదు. ఎర్రగా కందిపోయేలా ఏడ్చింది. వింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అల్లుడు రెండు రోజులుగా తొట్టెలో నీళ్లు మార్చడం మానేశాడు. ఎందుకని అడగలేదు. రొయ్యలు ఆరు మిగిలాయి, మళ్లీ ఒక్కటీ చావలేదు.

ఎంతకాలం నాలుగున్నరకి లేవగలను? ఆరు నెలలు? ఒకరోజు జ్వరం వస్తే? పగలు ఎవరూ పంపు వాడకుండా నాలుగు గంటలు గడిస్తే? పనిలో ఉన్నంతసేపూ ఇదే. ఇవాళ ఒకరింట్లో చన్నీళ్ల గొట్టం వేడినీళ్లకి బిగించాను.

20, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి. రాయకపోతే నాలుగు రోజులకి నన్ను నేనే మంచివాణ్ణి చేసేసుకుంటాను.

నాలుగింటికి ఫోన్. బట్టలుతికే కంపెనీలో పెద్ద గొట్టం పగిలింది, నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయని మేనేజరు అరుస్తున్నాడు. పరిగెత్తాను. పంపులు వదల్లేదు. ఆరులోపు వచ్చేస్తాననుకున్నాను.

అయిదూ నలభైకి నా రెండు చేతులూ పగిలిన గొట్టం మీద ఉన్నాయి. గొట్టం ఇంకొకతన్ని పట్టుకోమని, పంపులు వదలమని చెబుదామని మా ఆవిడకి ఫోన్ చేశాను. నాలుగుసార్లు. ఎత్తలేదు. అమ్మాయి నంబరు తీశాను. ఎత్తి ఏంటి నాన్నా అంటే ఏమని చెప్పాలి? పిల్ల తాగబోయే పాల కంటే నాకు ఆ మాటే పెద్దదైంది. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. ఇది చేసింది నేనే.

తర్వాత ఉండలేకపోయాను. మెయిన్ వాల్వు కట్టేసి, పని సగంలో వదిలేసి, బండి మీద ఎలా వచ్చానో తెలీదు. ఇంటికొచ్చేసరికి ఆరూ పది. అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది, పిల్ల నోట్లో సీసా. తడి బూట్లతోనే గదిలోకి వెళ్లి సీసా లాక్కున్నాను. పిల్ల గుక్కపెట్టింది.

"నాన్నా!"

"ఆ పాలు... విరిగినట్టున్నాయమ్మా."

"విరగలేదు. క్యాన్ నీళ్లతో కలిపాను."

నాకు అర్థం కాలేదు.

"మంగళవారం మధ్యాహ్నం నుంచీ క్యాన్ నీళ్లే. అదిగో మంచం కింద" అంది. గొంతు పెంచలేదు. "ఆ పొద్దున గాజుగొట్టం కిటికీ గట్టు మీద వదిలేసి వెళ్లిపోయావు. ఆయన చూశారు. పనికి వెళ్లకుండా ముందు క్యాన్లు తెచ్చారు. సాయంత్రం నువ్వు రాగానే అడుగుతానన్నారు. నేనే ఆపాను. నాన్న చెప్తాడు, చెప్పకుండా ఉండడు అన్నాను."

అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. అదే నయం.

"రోజూ పొద్దున్నే పంపులు వదులుతూనే ఉన్నాను కదమ్మా" అన్నాను.

"మరి ఇవాళ?"

సీసా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను.

"మంగళ, బుధ, గురు" అని వేళ్లు మడిచింది. "నిన్న నోరు తెరిచి అడిగాను కూడా. నీళ్లు పాడైతే వేరేవి తెచ్చుకుంటాం నాన్నా. నువ్వు తెలిసి ఊరుకున్నావు."

సీసా నా చేతిలోంచి తీసుకుంది. పిల్లని అటు తిప్పుకుని పట్టింది.

అప్పుడు చెప్పాను. పేస్టు సంగతి, లైను కడగని సంగతి, వేడినీళ్ల సంగతి, కాళ్లు రాని సంగతి. అంతా చెప్పాను. మంచం కోడు వైపు చూస్తూ చెప్పాను. మా ఆవిడ స్నానంలోంచి వచ్చి సగం నుంచి విన్నది. మామూలుగా నన్ను ఒక్క మాట పడనివ్వదు. ఇవాళ వెళ్లి అమ్మాయి పక్కన కూర్చుంది.

21, శనివారం

డాక్టరమ్మకి అన్నీ చెప్పాం. అమ్మాయి నన్నే చెప్పమంది. "ఎన్నాళ్లు తాగింది?" అని అడిగింది. మంగళవారం దాకా అయిదు వారాలు అన్నాను. కాగితం మీద రాసుకుంది. నీళ్లు ఆపాక వాంతులు ఆగాయి కాబట్టి మంచి లక్షణమే, అయినా కాలేయం చూడాలి అని పిల్ల చేతి నుంచి రక్తం తీయించింది. అంత చిన్న చేతిలో సూది. నన్ను పట్టుకోమనలేదు. అల్లుడు పట్టుకున్నాడు.

ఫలితం మంగళవారం.

22, ఆదివారం

లైను మొత్తం వదిలాను, పొద్దుట్నుంచి సాయంత్రందాకా. అల్లుడు బకెట్లు అందించాడు. "ఇది అయిపోయినా వంటకీ తాగడానికీ చన్నీళ్ల పంపే, ధార వదిలాకే" అన్నాను. "సరే మామయ్యగారూ" అన్నాడు. "మీ రొయ్యల్ని నేనే చంపాను" అన్నాను. బకెట్ కింద పెట్టి, "అవి చావబట్టే కదా తెలిసింది" అన్నాడు. ఓదార్పుగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

23, సోమవారం

రేపు. రేపు. రేపు. పనికి వెళ్లలేదు.

24, మంగళవారం

కాలేయం బాగుంది. డాక్టరమ్మ "ఏమీ లేదు" అన్న మాట అమ్మాయి ఫోన్‌లో రెండుసార్లు చెప్పించుకుంది. నేను పెరట్లోకి వెళ్లి గోడ పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు.

నెల తర్వాత ఇంకోసారి చూస్తారు.

27, శుక్రవారం

అమ్మాయి మాట్లాడుతోంది. అన్నం తిను, తలుపు వేయి, అమ్మ పిలుస్తోంది. అంతవరకే.

సాయంత్రం పిల్ల మా ఆవిడ ఒళ్లో ఉంది. వారం రోజులుగా నేను ముట్టుకోలేదు.

"నేను ఎత్తుకోనా?" అని అడిగాను. నా ఇంట్లో, నా మనవరాల్ని. మా ఆవిడ అమ్మాయి వైపు చూసింది.

అమ్మాయి చేతిలో ఉన్న బట్టలు మడతపెట్టడం పూర్తిచేసింది. "చేతులు కడుక్కుని రా" అంది.

కడుక్కుని వచ్చాను. తువ్వాలుతో తుడుచుకుని చూపించాను కూడా. పిల్లని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మిరపకాయ నా చొక్కా గుండీ పట్టుకుని లాగింది. ఇంకా ఏమీ తెలీని ప్రాణి.

ఇదివరకైతే అమ్మాయి పిల్లని నా ఒళ్లో పడేసి, అటు తిరిగి చూడకుండా స్నానానికి వెళ్లిపోయేది. ఇవాళ నా పక్కనే కూర్చుంది. పిల్ల నిద్రపోయేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.